ఒక షెడ్డు... రెండు కార్లు

పాత కార్లు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి రెండే. అంబాసిడర్, ఫియట్. పెళ్ళి ఊరేగింపైనా, కలెక్టరు గారి పర్యటనైనా అవే ఉండేవి. కానీ వాటి పక్కన ఇంకో రెండు చిన్న కార్లు కూడా ఒకప్పుడు మన రోడ్ల మీద బుద్ధిగా తిరిగాయి. ఒకటి మోరిస్ మైనర్. రెండోది స్టాండర్డ్ హెరాల్డ్. రెండింటి పుట్టిల్లూ ఇంగ్లండే. రెండూ నంద్యాలలో మా ఉమ్మడి ఇంటి ముందు పక్కపక్కన నిలబడి ఉండేవి. రెండు కార్లుండేవంటే మాది గొప్పింటి కింద లెక్కేసుకోకండి. రెండోది రావడానికి కారణం డబ్బు కాదు. అన్నదమ్ముల పంతం.

ఇన్నేళ్ళకు ఆ రెండూ మళ్ళీ ఒకచోట చేరాయి. హెరాల్డ్ మా నాయనది, మొదటి నుంచీ నా దగ్గరే ఉంది. మోరిస్ మా పెద్దనాయన వాటాకు వెళ్ళింది. పోయినేడు వాళ్ళ ఇల్లు అమ్మకానికి వచ్చినప్పుడు మా అన్న, అంటే పెద్దనాయన కొడుకు, ఫోన్ చేశాడు. "నువ్వు తీసుకుంటే తీసుకో. లేకుంటే పాత ఇనుము వాడికి చెప్తా" అన్నాడు. ఇనుము వాడికి పోనివ్వడానికి మనసొప్పక లారీ మీద తెప్పించుకున్నాను. తీరా చూస్తే షెడ్డులో పట్టేది ఒకటే. చేయించగలిగిన స్తోమతా ఒకదానికే. "ఏదో ఒకటి తేల్చుకోండి. రెండోదాని మీద మల్లెతీగ పాకిస్తా" అని మా ఆవిడ గడువు పెట్టేసింది. అందుకే ఈ పోలిక.

ముందు పెద్దది. మోరిస్ మైనర్ 1948లో లండన్ ఎర్ల్స్ కోర్టు మోటార్ షోలో లోకానికి కనిపించింది. దాన్ని గీసినాయన అలెక్ ఇస్సిగోనిస్. తర్వాత 1959లో ప్రపంచాన్ని ఊపేసిన మినీ కారు సృష్టికర్త కూడా ఈయనే. మైనర్ నమూనా అంతా సిద్ధమయ్యాక చూస్తే ఆయనకు ఎక్కడో వెలితిగా అనిపించిందట. మరీ సన్నగా ఉందని దాన్ని నిలువునా రెండుగా కోయించి, రెండు ముక్కలనూ దూరం జరిపిస్తూ, బాగుందనిపించిన చోట ఆపమన్నాడు. అలా 4 అంగుళాల వెడల్పు పెరిగింది. బానెట్ మధ్యలో కనిపించే పట్టీ ఆనాటి గుర్తే. ఇంత చేస్తే కంపెనీ యజమాని లార్డ్ నఫీల్డ్‌కు అది నచ్చలేదు. నీళ్ళలో వేసి ఉడికించిన కోడిగుడ్డులా ఉందని ఎకసెక్కం చేశాడు. ఆ కోడిగుడ్డే దాదాపు 16 లక్షలు అమ్ముడుపోయింది. 10 లక్షల మైలురాయి దాటిన మొదటి బ్రిటిష్ కారు అదే. మన దేశంలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు దాన్నే కొంతకాలం 'బేబీ హిందుస్తాన్' పేరుతో అమ్మారు.

మా జేజినాయన పత్తి కమీషన్ వ్యాపారి. 1958లో మద్రాసు వెళ్ళినప్పుడు సెకండ్ హ్యాండ్‌లో 1954 మోడల్ మైనర్ కొనుక్కొచ్చాడు. నాలుగు తలుపులు. ముందు అద్దం మధ్యలో సన్నటి బద్దతో రెండు పలకలు. 803 సీసీ ఇంజను, 30 గుర్రాల బలం. ఈ కాలపు పిల్లలు ఇప్పుడు తోలే మోటారు సైకిళ్ళలో కొన్నింటికి అంతకంటే ఎక్కువే ఉంటుంది. మలుపు తిరగాలంటే పక్క స్తంభంలోంచి చెయ్యి చాపినట్టు ఎర్రదీపం బాణం ఒకటి టక్కున బయటికి వచ్చేది. మా వీధి పిల్లలంతా ఆ బాణం కోసమే కారు వెంట పరుగెత్తేవాళ్ళు. ఒక్కోసారి అది బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోయేది కాదు. అప్పుడు జేజినాయన లోపల్నుంచి స్తంభం మీద ఒక్కటి చరిచేవాడు. అంతే, బుద్ధిగా ముడుచుకునేది.

రెండోది హెరాల్డ్. 1959లో ట్రయంఫ్ పేరుతో ఇంగ్లండులో వచ్చింది. రూపం దిద్దింది ఇటలీవాడైన మికెలోటి. అందుకే పక్కన పెడితే మోరిస్ ముద్దుగా, బొద్దుగా కనిపిస్తుంది. హెరాల్డ్ మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకున్న కాలేజీ కుర్రాడిలా ఉంటుంది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు దీన్ని తయారుచేశారు. 1966లో మా నాయన తన వాటా లాభం చేతికి రాగానే ఒకటి కొన్నాడు. "ఇంట్లో కారుండగా ఇంకోటి ఎందుకప్పా?" అని పెద్దనాయన అడిగితే, "అది నాయన కారు. ఇది నా కారు" అన్నాడట. పంతం అక్కడ మొదలైంది.

ఒళ్ళు వేరు... బుద్ధి వేరు

ఈ రెండు కార్ల మధ్య అసలు తేడా పైకి కనిపించదు. లోపల ఉంది. మోరిస్‌కు విడిగా ఛాసిస్ అంటూ ఉండదు. నేల, గోడలు, పైకప్పు అన్నీ కలిపి వెల్డింగు చేసిన ఒకటే పెట్టె. బరువు తక్కువ, బిగువు ఎక్కువ. హెరాల్డ్ అలా కాదు. కింద ఉక్కు ఛాసిస్. దాని మీద బాడీ భాగాలు విడివిడిగా తెచ్చి బోల్టులతో బిగించారు. 1959లో ఇది పాతకాలపు పద్ధతే. తెలియక చేసింది కాదు, గత్యంతరం లేక చేసింది. వీళ్ళకు కారు బాడీలు చేసిపెట్టే కంపెనీని 1953లో మోరిస్ వాళ్ళ పక్షమైన బీఎంసీ కొనేసింది. పోటీదారు చేతిలో పడ్డాక పెద్ద బాడీ ఎవరు చేసిస్తారు? అందుకని చిన్న చిన్న ముక్కలుగా వేర్వేరు చోట్ల చేయించుకుని, తెచ్చి కలుపుకున్నారు.

ఆ అగచాటే మన ఊళ్ళకు వరమైంది. హెరాల్డ్ ముందు భాగం మొత్తం, మడ్‌గార్డులతో సహా, మొసలి నోరు తెరిచినట్టు ముందుకు లేస్తుంది. మెకానిక్కు ముందు చక్రం మీదే కూర్చుని, కాఫీ తాగుతూ ఇంజను పని చేసుకోవచ్చు. మడ్‌గార్డు సొట్టపడితే బోల్టులు విప్పి తీసేయొచ్చు. మోరిస్‌కు ఏ మూల తుప్పు పట్టినా అది మొత్తం ఒంటికి పాకే జబ్బే.

ఆళ్లగడ్డలో మా రెండు కార్లనూ చూసిన మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. పక్క వీధుల్లో శిల్పులు రాళ్ళు చెక్కుతుంటే ఆ చప్పుళ్ళ మధ్య ఈయన షెడ్డు. "మీ పెద్దనాయన బండి ఉమ్మడి కాపురం అప్పా. ఒక గోడ పోతే ఇల్లంతా కదుల్తాది. మీ నాయన బండి వేరు కాపురాలు. ఎవురి గోడ వాళ్ళు కట్టుకోవచ్చు" అనేవాడు. అప్పట్లో నవ్వుకున్నాం.

ఇంకో తేడా చక్రాల దగ్గర. మోరిస్ వెనక ఇరుసు ఎద్దులబండి ఇరుసులా గట్టిది, కింద పట్టీల స్ప్రింగులు. ముందు టార్షన్ బార్లు, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగు. ఇవే తర్వాత అంబాసిడర్‌లోనూ ఉండటంతో మన మెకానిక్కులకు కొత్తగా అనిపించలేదు. హెరాల్డ్‌లో ముందు చక్రాల వరస అందరికీ నచ్చింది. మరీ అడ్డంగా తిరిగేవి. 25 అడుగుల చోటులో బండి గిర్రున వెనక్కి తిరుగుతుంది. మైనర్‌కు 33 అడుగులు కావాలి. ఎగువ అహోబిలంలో ఎదురుగా బస్సు నిలబడి ఉన్నా మా నాయన ఒక్క తిప్పుతో తిప్పేసి మీసం దువ్వుకునేవాడు. పెద్దనాయన ముందుకీ వెనక్కీ మూడుసార్లు తోలాల్సి వచ్చేది.

హెరాల్డ్ వెనక చక్రాల సంగతి మాత్రం వేరు. వాటి ఇరుసు మధ్యలో విరిగి రెండు చేతుల్లా పైకీ కిందికీ ఊగుతుంది. గుంతల్లో సుఖమే. కానీ వేగంగా మలుపు తిరుగుతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా, బ్రేకు తొక్కినా వెనకభాగం పైకి లేచి, బయటి చక్రం లోపలికి ముడుచుకుంటుంది. బండి జారుతుంది. మన దేశంలో కొనేవాళ్ళూ, మెకానిక్కులూ ఆ ఇరుసును అంతగా నమ్మలేదు. అందుకే 1972లో దాని స్థానంలో వచ్చిన స్టాండర్డ్ గజెల్‌కు మామూలు గట్టి ఇరుసే వేశారు. ఇందులో ఒక విచిత్రం ఉంది. వెనక సీటు నిండా మనుషులుంటే బరువుకు ఆ చక్రాలు కాళ్ళు ఎడం చేసి నిలబడ్డట్టు బయటికి పరుచుకుంటాయి. అప్పుడు బండి ఖాళీగా ఉన్నప్పటికంటే కుదురుగా పోతుంది.

ఇక మా అవ్వను అడిగితే ఈ లెక్కలేవీ ఉండవు. హెరాల్డ్‌కు రెండే తలుపులు. ముందు సీటు వంచి, నడుం వంచి, చీర కుచ్చెళ్ళు పట్టుకుని వెనక్కి దూరాలి. "ఇది కారా, కోళ్ళగూడా?" అనేది. మోరిస్‌లో రాణిలా తలుపు తీసుకుని ఎక్కేది. ఆమె ఓటు చివరిదాకా మోరిస్‌కే.

అక్కడ కలిశారు... ఇక్కడ విడిపోయారు

పోటీ కంపెనీలైనా ఈ రెండింటికీ ఒక వింత పోలిక ఉంది. మోరిస్ వాళ్ళ ఇంజను మొదట 803 సీసీ, తర్వాత 948 సీసీ. స్టాండర్డ్ వాళ్ళ ఇంజను కూడా మొదట 803, తర్వాత 948! ఒకరిది ఒకరు చూసి చేసింది కాదు. రెండూ పూర్తిగా వేరు ఇంజన్లు. ఒకదాని నట్టు కూడా ఇంకోదానికి నమ్మకంగా సరిపోదు. ఏళ్ళ తరబడి వీధి కొట్లాట కొట్టుకున్న ఆ రెండు పక్షాలూ 1968లో బ్రిటిష్ లేలాండ్ అనే ఒకే కప్పు కిందికి వచ్చాయి. దాయాదులు ఒకే వంటింట్లో చేరారన్నమాట. 1971లో మైనర్, హెరాల్డ్ రెండింటికీ ఒకే ఏడాది ఇంగ్లండులో చివరి రోజు వచ్చింది.

మా ఇంట్లో కథ తిరగబడింది. 1974లో భాగాలు పంచుకున్నారు. పత్తి కొట్టు నాయనకు, కుందూ ఒడ్డు మడి పెద్దనాయనకు. ఇంటి మధ్యలో గోడ లేచింది. మోరిస్ వాళ్ళకు, హెరాల్డ్ మాకు. మాటలు లేవు. పిల్లలమైన మాకు పండగలప్పుడు గోడ మీంచి చూసుకోవడమే మిగిలింది.

కానీ శ్రీశైలం మాత్రం ఇద్దరూ మానలేదు. శివరాత్రి జనం తగ్గాక ఒక సోమవారం చూసుకుని వెళ్ళడం జేజినాయన పెట్టిన అలవాటు. జేజినాయన చిన్నప్పుడు రోడ్డు లేదు. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా అడవిలో నడిచి కైలాస ద్వారం ఎక్కేవాళ్ళు. కారు వచ్చాక నంద్యాల నుంచి వెలుగోడు, ఆత్మకూరు, అక్కణ్ణుంచి నల్లమలలోకి. బైర్లూటి దాటి దోర్నాల చేరితే, ఇంకో యాభై కిలోమీటర్లు ఘాటు. వేరుపడ్డాక కూడా రెండు కుటుంబాలూ అదే సోమవారం, ఎవరి కారులో వాళ్ళు వెళ్ళేవాళ్ళం. రోజు మార్చుకుంటే ఓడిపోయినట్టని ఇద్దరి బాధ.

మోరిస్ నెమ్మదైంది కాబట్టి పెద్దనాయన గంట ముందే బయలుదేరేవాడు. మేం దోర్నాల చేరేసరికి ఆ కారు రోడ్డు పక్కన బానెట్ ఎత్తుకుని ఉండేది. పెద్దనాయన నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఉండేవాడు. వెనక సీట్లో మాకు పండగే. "మోరిస్ మళ్ళీ వేడెక్కింది!" అని అరిచేవాళ్ళం. నాయన ఆపేవాడు కాదు. అటు చూసేవాడు కూడా కాదు. రెండు కార్లకూ మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. నిటారు మలుపులో బండి పూర్తిగా ఆగితే తప్ప ఫస్టు సాఫీగా పడదు. ఆ ధ్యాసలో ఉన్నట్టు మొహం పెట్టేవాడు. శిఖరం దగ్గర మేం దిగి నువ్వులు చల్లి నంది కొమ్ముల మధ్య నుంచి గుడి గోపురం కోసం కళ్ళు చికిలిస్తుంటే, కాసేపటికి మోరిస్ వచ్చి దూరంగా ఆగేది. సాక్షి గణపతి దగ్గర కూడా అంతే. మేం హాజరు వేయించుకుని బయటికొచ్చాకే వాళ్ళు లోపలికి పోయేవాళ్ళు.

ఏటా ఇదే వరస. పెద్దనాయన పోయిన చాలా ఏళ్ళకు, ఒకసారి మాటల్లో మోరిస్ వేడెక్కే సంగతి చెప్పుకుని నవ్వుతుంటే మా అమ్మ నవ్వలేదు.

"ఘాటు మొదలయ్యేది దోర్నాల దాటినాక కదరా. ఎక్కకముందే వేడెక్కే బండి యాడైనా ఉంటాదా?" అన్నది.

మేమెవరం మాట్లాడలేదు. అమ్మే మళ్ళీ అన్నది. "మీ నాయన బండి వెనక చక్రాలంటే ఆయనకు భయం. పిల్లోళ్ళను ఏసుకుని ఘాట్లో పోతాండాడని మనం దాటిందాకా నిలబడి, వెనకాల వచ్చేవాడు. మీ నాయనకూ తెలుసు. తెలిసే మలుపుల్లో నిదానంగా పోయేవాడు, ఆ కారు అందుకునేటట్టు."

మరి నాయన ఒక్కసారైనా ఎందుకు ఆపలేదు అని అడిగాను. "ఆపితే మాట్లాడాల గదా" అన్నది అమ్మ.

తేల్చుకోవడం ఎలా?

మనసు సంగతి అలా ఉంచి, కాగితాల సంగతి కూడా చూడాలి కదా. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపు మారని కారైతే 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. పదేళ్ళు చెల్లుతుంది. గౌరవంగానే ఉంటుంది గానీ, ఆ నంబరు తీసుకుంటే ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప రోజువారీగా రోడ్డెక్కకూడదు. గుడికి పోదామంటే కుదరదు. మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకుంటే అయిదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. ఫీజులు కూడా మునుపటిలా లేవు. నాకు రెండోదారే నచ్చింది. నడవని కారు కంటే కొయ్య గుర్రం నయం.

పెట్రోలు కూడా మారింది. 2025 నాటికి మనకు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. ఈ కార్ల కాలంలో చేసిన రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపులోని పొర దానికి ఓర్చుకోలేవు. మెత్తబడి, పగిలి కారుతాయి. వేడి ఇంజను మీద పెట్రోలు కారడం అంటే ఆటలు కాదు. రెండింటికీ గొట్టాలు మార్పించక తప్పదు.

లెక్కలన్నీ వేసుకుంటే హెరాల్డే గెలుస్తుంది. విప్పొచ్చు, బిగించొచ్చు. ఇరుకు సందుల్లో తిరుగుతుంది. పైగా అది నాయన కారు. మోరిస్ నేల కింద తుప్పు పట్టి ఉంది. ఇప్పుడు చేయించకపోతే ఇంకో రెండు వానాకాలాలకు మిగలదు. నా ఆలోచన మాత్రం ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది. హెరాల్డ్ ఎవరి దగ్గరున్నా బతుకుతుంది. మోరిస్ ఆగలేదు.

అప్పుడే మా అన్న కూతురు హైదరాబాద్ నుంచి వచ్చింది, తాత కారు ఎలా ఉందో చూద్దామని. కంప్యూటర్ ఉద్యోగం, సెలవు రోజుల్లో స్పానర్లు పట్టుకోవడం సరదా. మోరిస్ చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకుంది. తర్వాత హెరాల్డ్ ముందుభాగం ఎత్తి చూపించాను. అంతే, ఆ పిల్ల చక్రం మీద కూర్చుండిపోయింది. గంట గడిచింది. చేతులకు గ్రీజు.

"చిన్నాయనా, ఇది నాకిస్తావా? దీని పనులు నేనే చేసుకోగలను. అమ్ముకోను, ఒట్టు" అన్నది.

నాయన చేతి చెమటకు నల్లబడిన స్టీరింగు వంక చూశాను. వెంటనే సరేననడానికి నోరు రాలేదు. రాత్రంతా ఆలోచించాను. పొద్దున ఆళ్లగడ్డకు ఫోన్ చేశాను. ఆ మేస్త్రీ లేడు. షెడ్డు ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. మోరిస్ నేల విప్పి కొత్త రేకు వెయ్యడానికి నెల పడుతుందన్నాడు. "ఇంకోటి అమ్మేస్తాండారా సార్?" అని అడిగాడు. "లేదు, పెద్దనాయన ఇంటికి పోతాంది" అన్నాను.

యజమాని పేరు మార్పు కాగితాలు ప్రస్తుతం ఆఫీసులో ఉన్నాయి. ఈలోగా ఆ పిల్లకు నంద్యాల - గిద్దలూరు ఘాట్‌లో రెండు ఆదివారాలు బండి నేర్పించాను. చెప్పింది రెండే మాటలు. మలుపులోకి పోకముందే వేగం తగ్గించు, మలుపు మధ్యలో కాలు ఎత్తొద్దు. రెండోది, ఘాటెక్కేటప్పుడు ఒక్కదానివే పోకు. వెనక సీట్లో మనవాళ్ళను నలుగురిని ఎక్కించుకో. నిండితేనే ఆ బండి కుదురుగా పోతుంది.